తాతగారి ట్రంకు పెట్టెలో పటాలం జెండా: పాడవకుండా ఎలా దాచాలి

ఇంట్లో అమ్మమ్మ పెళ్లినాటి పట్టుచీర ఉంటే ఒకసారి బీరువాలోంచి తీసి మడతల దగ్గర చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న చీరైతే అక్కడ బ్లేడుతో గీసినట్టు చీలి ఉంటుంది. ఎవరూ లాగలేదు, ఎలుకా కొట్టలేదు. పట్టు దానంతటదే తెగింది. జరీ నల్లబడి ఉంటుంది. పాత సైనిక జెండాలకు పట్టే గతీ ఇదే, ఎందుకంటే వాటిలో చాలావరకు పట్టువే, వాటి మీద కుట్టింది కూడా జరీలాంటి తీగే. కాకపోతే చీర పెళ్లిళ్లకూ పేరంటాలకూ బయటికొచ్చింది, జెండా ఎండలో వానలో తిరిగింది, ఒక్కోసారి తుపాకీ గుళ్ల మధ్య కూడా.

సైన్యంలో పనిచేసిన కుటుంబాలు మనవైపు తక్కువేం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అనే అంటారు. అసలు ఈస్ట్ ఇండియా కంపెనీ సిపాయిలను ఉత్తరాదిలో చాలాకాలం ‘తిలంగా’లని పిలిచేవారు, మొదట్లో వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు ఉండబట్టి. ఆ కుటుంబాల అటకల మీద, పాత చర్చిల్లో, స్కూలు స్టోర్‌రూముల్లో అప్పుడప్పుడు ఒక జెండా బయటపడుతుంది. అది మీ చేతికొస్తే ఏం చెయ్యాలో వరసగా చెప్తాను. ఏం చెయ్యకూడదో ఇంకాస్త ఎక్కువగా చెప్తాను, ఎందుకంటే నేను చూసినంతలో ఇలాంటివి పురుగు వల్ల పాడైనదానికంటే ప్రేమగా ‘శుభ్రం’ చెయ్యబోయి పాడైందే ఎక్కువ.

మొదటి రోజు: ఫ్యాన్ ఆపండి, ఫొటో తియ్యండి

పెట్టె తెరిచిన వెంటనే జెండాను పైకెత్తి విప్పి చూడాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఫ్యాన్ ఆపండి. పాత పట్టు పీలికలు ఆ గాలికే లేచి విరిగిపోతాయి. పెట్టెలో ఎలా ఉందో అలాగే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్యండి. దాన్ని చుట్టిన పాత పేపరు, పక్కన పడున్న ట్యాగు, పిన్నుతో గుచ్చిన కాగితం ముక్క, ఏదీ పారెయ్యొద్దు. చుట్టిన న్యూస్‌పేపరు తేదీని బట్టే అది ఎప్పుడు పెట్టెలోకి చేరిందో తెలిసిపోవచ్చు.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసెయ్యండి. జరీ పని ఎక్కువుంటే మెడికల్ షాపులో దొరికే నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. తెల్ల నూలు గ్లోవ్స్ సినిమాల్లో బాగుంటాయిగానీ వాటి పోగులు చిరిగిన పట్టుకు తగులుకుంటాయి. కాఫీ, టిఫిన్ ఆ గదిలోకి రానివ్వొద్దు.

రెండో పని: అది ఏ జెండానో తేల్చుకోండి

దీనికి తొందర లేదు, కానీ ఇందులోనే అసలు మజా ఉంది.

పటాలానికి ప్రాణంలా చూసుకునే జెండాని బ్రిటిష్ పద్ధతి సైన్యాల్లో ‘కలర్స్’ అంటారు. మన సైన్యంలో ‘నిశాన్’ అనే మాట వాడతారు, దాన్ని మోసుకొచ్చే జట్టు నిశాన్ టోలీ. తుపాకీ పొగలో ఎవరెక్కడున్నారో తెలియని రోజుల్లో సిపాయి కళ్లెత్తి వెతుక్కునేది దాన్నే. తమ జెండా ఎలా ఉంటుందో ప్రతివాడికీ గుర్తుండాలని వరసల ముందు నుంచి తిప్పి చూపించేవారు. లండన్‌లో ఏటా జరిగే ‘ట్రూపింగ్ ది కలర్’ కవాతు దాని మిగులే. మొదట్లో కల్నల్ ఎవరైతే వాళ్ల వంశచిహ్నం జెండా మీదికెక్కేది. 1747లో ఆ పద్ధతి ఆపి, 1751 నాటి రాజాజ్ఞతో ప్రతి పదాతి పటాలానికీ రెండే జెండాలని ఖాయం చేశారు: ఒకటి రాజుది, ఒకటి పటాలానిది. రైఫిల్ రెజిమెంట్లకు కలర్స్ ఉండవు. ఫిరంగి దళానికి ఫిరంగులే కలర్స్.

అసలు కలర్స్ ఒకరి సొంతం కావు, పటాలానివి. కాబట్టి మీ పెట్టెలో ఉన్నది పటాలంలోని ఒక కంపెనీ (చిన్న దళం) జెండానో, బ్యాండు వాళ్ల పైప్ బ్యానరో, బల్లేనికి కట్టే చిన్న రెండు తోకల జెండానో అయ్యుండే అవకాశమే ఎక్కువ. లేదా పాత కలర్స్ ముక్క కావచ్చు. బాగా చిరిగిన జెండాను ముక్కలు చేసి ఆఫీసర్లు జ్ఞాపకంగా పంచుకోవడం పూర్వం ఉండేది. ముక్కే కదా అని తీసిపారెయ్యకండి.

కాలం కట్టడానికి నాలుగు ఆధారాలు చూడండి. ఒకటి సైజు. 18వ శతాబ్దపు కలర్స్ ఇంచుమించు ఆరున్నర అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, దాదాపు మంచం దుప్పటంత. 1858లో అది 4 అడుగులు, మూడున్నర అడుగులకు తగ్గింది. 1868లో 3 అడుగుల 9 అంగుళాలు, 3 అడుగులు అయింది. రెండు, మూలలో బ్రిటిష్ జెండా ఉంటే తెల్ల ఐమూలగీతల్లో సన్నటి ఎర్రగీత ఉందేమో చూడండి. అది ఐర్లాండు గుర్తు, 1801లో చేరింది. లేకపోతే జెండా అంతకు ముందుది. మూడు, పైన కిరీటం ఉందా, అశోకుడి సింహాలున్నాయా. నాలుగు, అన్నిటికంటే గట్టిది, పేరు.

ఉదాహరణకు హైదరాబాద్ పేరున్న జెండానే తీసుకోండి. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పూనికతో 1813లో మొదలైన దళం తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. 1903లో నంబర్లు మార్చినప్పుడు అందులోని పదాతి పటాలాలు 94 నుంచి 99 వరకు నంబర్లతో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిశాయి. 1922లో ‘19వ హైదరాబాద్ రెజిమెంట్’ అన్నారు. 1945 అక్టోబర్ 27న పేరు కుమావూఁ రెజిమెంట్‌గా మారింది. అంటే జెండా మీద ‘19 హైదరాబాద్’ అని ఉంటే అది 1922, 1945 మధ్యదే, వేరే లెక్క అక్కర్లేదు. సోమనాథ్ శర్మ పేరు విన్నారు కదా, మొదటి పరమవీర చక్ర. ఆయన పనిచేసిన 4 కుమావూఁ ఒకప్పటి 4/19 హైదరాబాదే. అలాగే ‘అస్సాయే’ అని, ఏనుగు బొమ్మతో కనిపిస్తే మద్రాసు పటాలాల వైపు చూడండి, 1803 యుద్ధపు గుర్తు అది.

చూశాక అది నిజంగా కలర్స్ అనిపిస్తే దాచుకోవడం కాదు, ఆ రెజిమెంట్ కేంద్రానికి రాయాలి. కుమావూఁ వాళ్లది రాణీఖేత్, మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లో వెల్లింగ్టన్. రాజు పేరిట ఉన్న కలర్స్‌ను మన గణతంత్రం వచ్చాక 1950 నవంబర్ 23న డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలోని చెట్వుడ్ హాల్లో లాంఛనంగా భద్రపరిచారు.

విప్పడం

పెద్ద టేబుల్ కావాలి, లేదా నేల మీద ఉతికిన తెల్ల దుప్పటి. ఇద్దరు మనుషులుండాలి. ఒక్కరే చెయ్యాల్సిన పని కాదిది.

ఒక్కో మడత తియ్యండి. వేళ్లతో చిటికెలా పట్టుకుని లేపొద్దు. మడత కింద అట్టముక్కో, మందపాటి కాగితమో మెల్లగా తోసి, దాని మీద ఉంచి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిప్పండి. ఇప్పుడు చెవి పెట్టి వినండి. మంచి పట్టు చప్పుడు చెయ్యదు, లేదా మెత్తగా సరసరమంటుంది. పాడైన పట్టు అప్పడం విరిచినట్టు చిన్నగా టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినిపించిందా, అక్కడితో ఆపెయ్యండి. ఎంత వరకు వచ్చిందో అంత వరకే. మిగతాది మడతలోనే ఉండనివ్వండి. దానికి తేమ పట్టించి సాగదీసే పద్ధతులున్నాయిగానీ అవి ఇస్త్రీ పెట్టె ఆవిరితో అయ్యేవి కావు.

అప్పడంలా ఎందుకవుతుందంటే, పట్టుదారానికి సహజంగా ఉండే జిగురు తీసేస్తే బరువు దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. తూకానికి అమ్ముకునే వ్యాపారికి అది నష్టం. అందుకని 19వ శతాబ్దం చివర్లో తగరం లాంటి లోహాల లవణాలు పట్టించి బరువు పెంచడం మామూలైపోయింది. బట్ట నిండుగా, దర్జాగా వేలాడేది. ఆ లవణాలే లోపల్నుంచి పోగుల్ని తినేశాయి. తమాషా ఏంటంటే 1780ల జెండా ఇంకా మెత్తగా ఉండొచ్చు, 1890ల జెండా పొడైపోవచ్చు. కాబట్టి ‘ఇదేమంత పాతది కాదులే’ అని ధైర్యం చెయ్యొద్దు.

దుమ్ము

దులపకండి, విదిలించకండి, ఎండలో వెయ్యకండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే అతి తక్కువ సక్షన్‌లో పెట్టి, గొట్టం మూతికి మెత్తటి నైలాన్ వల కట్టి, జెండాకు ఒక అంగుళం పైనుంచి నడపండి. మేకప్ బ్రష్ లాంటి మెత్తటి కుంచెతో దుమ్మును గొట్టం వైపు తొయ్యండి. ఒక అంగుళం చేసి ఆగి చూడండి, వల మీద రంగు పోగులు కనిపిస్తే మానెయ్యండి. రంగులతో బొమ్మ వేసిన చోటుకి ఇది వద్దే వద్దు. పాతవాటిలో చాలావాటి మీద చిహ్నాలు కుట్టినవి కావు, రంగుతో వేసినవి. ఆ పెచ్చు గాలికే లేస్తుంది.

చెయ్యకూడనివి

ఉతకొద్దు. ఎర్రరంగు పాకితే ఇక వెనక్కి రాదు. డ్రైక్లీనింగ్‌కి ఇవ్వొద్దు. ఇస్త్రీ వద్దు. జరీ మెరిపించడానికి చింతపండు, టూత్‌పేస్టు, వెండి పాలిష్ ఏవీ వద్దు. సెల్లోటేపు వద్దు. ఫెవికాల్ గురించి వేరే చెప్పాలా? లామినేషన్ చేయించినవాళ్లూ ఉన్నారు, నమ్మండి.

మరకల గురించి ఒక మాట. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలో ఇసాండ్ల్వానా దగ్గర జులూ సైన్యం అక్కడున్న బ్రిటిష్ 24వ రెజిమెంట్ దళాన్ని తుడిచిపెట్టింది. మెల్విల్ అనే ఆఫీసర్ తన బెటాలియన్ కలర్ పట్టుకుని గుర్రం మీద తప్పించుకోబోయాడు. బఫెలో నది ఉధృతంగా ఉంది. జెండా చెయ్యి జారి కొట్టుకుపోయింది. అతన్నీ, సాయంగా వెనక్కి వచ్చిన కాఘిల్‌నీ ఒడ్డున చంపేశారు. పదమూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 4న, నదిలో ఆ జెండా దొరికింది. మరుసటి ఏడాది విక్టోరియా రాణి దాని కర్రకు స్వయంగా ఒక పూలదండ తగిలించింది. ఇప్పుడది వేల్స్‌లోని బ్రెకన్ కెథెడ్రల్‌లో ఉంది. అలాంటి జెండా మీది బురద మరకను సర్ఫ్‌తో వదిలిస్తే ఏం మిగులుతుంది? మీ జెండా మీది మరక అంత పెద్ద కథ కాకపోవచ్చు. అయినా అది దేనిదో తేలేదాకా దాని జోలికి పోవద్దు.

రఫ్పు చేయించడం ఇంకో ప్రమాదం. కొత్త దారం గట్టిది, పాత పట్టు బలహీనం. దారం రంపంలా కోసేస్తుంది, సూది వేసిన ప్రతి చోటా ఇంకో చిల్లు. అమెరికా వాళ్ల జాతీయగీతంలో వచ్చే 1814 నాటి కోట జెండా సంగతి చూడండి. అది పటాలానిది కాదు, ఉన్నిది, కానీ పాఠం అదే. 1914లో అమీలియా ఫౌలర్ అనే నిపుణురాలు తన బృందంతో దానికి వెనక నారబట్ట వేసి దాదాపు 17 లక్షల కుట్లు వేసింది. ఆ రోజుల్లో అదే గొప్ప పని, జెండా అంతకాలం నిలిచిందీ దానివల్లే కావచ్చు. కానీ 1990ల చివర్లో కొత్త తరం నిపుణులు ఆ కుట్లన్నీ ఒక్కోటి కత్తిరించి తియ్యాల్సి వచ్చింది. వాళ్ల స్థాయిలోనే అలా ఉంటే, మన వీధి చివర టైలర్ మాట సరే.

పురుగులు

మన ఇళ్లలో అందరికీ తెలిసిన మందు కలరా ఉండలు. వాటి ఆవిరి మనుషులకు మంచిది కాదు, ఉండలు జెండాకు తగిలితే మరకలూ పడతాయి. వేపాకు నేరుగా వేసినా పసరు మరకే. అంతకంటే పెట్టె శుభ్రంగా, పొడిగా ఉంచి, గోడకూ నేలకూ దూరంగా పెట్టడం మేలు. చెదలకు గోడే దారి. ఉన్ని జెండాకు చిమ్మెట పడుతుంది, గంజి పెట్టిన బట్టకూ కాగితానికీ సిల్వర్ ఫిష్ పడుతుంది.

పురుగు ఉందని ఖాయంగా తెలిస్తే, చిన్న జెండా అయితే, దాన్ని యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేని) టిష్యూ కాగితంలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, మూతి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. ఇంటి ఫ్రిజ్‌లో పైన ఉండే ఐస్ అర చాలాసార్లు అంత చల్లగా ఉండదు. బయటికి తీశాక సంచి ఒకరోజు అలాగే వదిలెయ్యండి, వెంటనే తెరిస్తే జెండా మీద నీళ్లు చేరతాయి. రంగులు వేసిన జెండాకు ఈ పద్ధతి వాడొద్దు, రంగు పగులుతుంది.

దాచడం

మడత పెట్టకుండా పరిచి ఉంచడం అన్నిటికన్నా మంచిది. చిన్న జెండా అయితే దానికంటే పెద్ద అట్టపెట్టె తీసుకుని పరిచేయండి. రెండు వైపులా రంగు వేసిన జెండాను చుట్టకూడదు, పరిచే ఉంచాలి.

పెద్దదైతే గొట్టానికి చుట్టండి. బట్టల షాపుకెళ్లి తాను చుట్టి వచ్చే అట్టగొట్టం అడగండి, ఊరికే ఇస్తారు. నాలుగు అంగుళాల మందం ఉంటే మంచిది, ఇంకా లావైతే మరీ మంచిది. అట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి దాని మీద ముందు వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఆపైన రెండుసార్లు ఉతికి ఆరబెట్టిన కోరా గుడ్డ చుట్టండి. గంజి మాత్రం పెట్టొద్దు. పీవీసీ పైపు వాడొద్దు, అది కాలక్రమేణా హానిచేసే ఆవిరి వదులుతుంది. ఇప్పుడు జెండాను పొరపొరకీ మధ్య యాసిడ్ ఫ్రీ టిష్యూ వేస్తూ చుట్టాలి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కొనేటప్పుడు ‘అన్‌బఫర్డ్’ రకమే తీసుకోండి. కాగితాలకు వాడే బఫర్డ్ రకంలో ఉండే క్షారం పట్టుకూ ఉన్నికీ పడదు. ఒకవైపే రంగు వేసి ఉంటే రంగు బయటివైపుకి వచ్చేలా చుట్టండి, లోపలికి పెడితే పెచ్చులు ఒకదానికొకటి రాసుకుని నలుగుతాయి. పైన మళ్లీ కోరా గుడ్డ, వదులుగా నాడా. రబ్బరు బ్యాండ్లు వద్దు.

తప్పనిసరిగా మడత పెట్టాల్సి వస్తే మడత లోపల టిష్యూను లావుగా చుట్టి పెట్టండి, గీతలా కాకుండా గుండ్రంగా ఒంగేలా. అమ్మమ్మ ఏటా పట్టుచీరల మడతలు మార్చేది చూశారుగా, అదే సూత్రం.

కర్ర, అంచు కుచ్చులు, ఇత్తడి మొన విడిగా ఉంచండి. చెక్క నుంచి ఆమ్లం వస్తుంది, కుచ్చుల బరువు పట్టును లాగుతుంది. కానీ కుట్టి ఉన్నదాన్ని విప్పదియ్యొద్దు.

పెట్టె ఎక్కడ పెట్టాలి? అటక మీద కాదు, వేసవిలో అక్కడ కొలిమి. బాత్రూం గోడ ఆనుకుని కాదు. ఇంటి మధ్య గదిలో, బయటి గోడకు తగలని బీరువాలో. కొన్ని వందల రూపాయలకు తేమ కొలిచే చిన్న మీటర్ దొరుకుతుంది, ఒకటి కొనండి. 50 శాతం అటూఇటూ బాగుంటుంది. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు పట్టడం మొదలవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకు వానాకాలం ఇది పెద్ద టెన్షనే. పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడుకోండి.

గోడ మీద పెట్టాలనుకుంటే

ఒక రిటైర్డ్ సుబేదారు గారింట్లో ఫ్రేము కట్టించిన జెండా చూశాను. హాల్లో, కిటికీకి ఎదురుగా. ఫ్రేము కట్టినాయన మంచి ఉద్దేశంతోనే జెండాను ప్లైవుడ్‌కి జిగురుతో అంటించి, గాజు దాని మీద అదిమేశాడు. రెండు వానాకాలాలు గడిచాక కింది మూలలో అరచెయ్యంత మేర పట్టు గాజుకి అతుక్కుపోయింది, చుట్టూ బూడిదరంగు చుక్కలు. ఆయన గాజు తియ్యబోయారు. పట్టు గాజుతోనే వచ్చింది, ప్లైవుడ్ మీద ఖాళీ మిగిలింది. ఆ మూలలో బెటాలియన్ నంబరు ఉండేదట.

కాబట్టి గాజుకీ బట్టకీ మధ్య కనీసం ఒక వేలంత ఖాళీ ఉండాలి, జిగురు ఉండకూడదు, ఎండ తగలకూడదు. మ్యూజియంలు పట్టు మీద వెలుతురు 50 లక్స్‌కి (వెలుతురు కొలిచే కొలత) మించనివ్వవు. మన హాల్లో మామూలు ట్యూబ్‌లైటు వెలుతురే అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. వెలుతురు చేసిన నష్టం చీకట్లో పెడితే తిరిగిరాదు. చెన్నైలోని ఫోర్ట్ మ్యూజియంలో 1947 ఆగస్టు 15న అక్కడి కోట మీద ఎగిరిన పట్టు త్రివర్ణ పతాకం ఉంది. ఎప్పుడైనా వెళ్తే ఆ గదిలో వెలుతురు ఎంత తక్కువగా ఉంటుందో గమనించండి.

నా సలహా అడిగితే, అసలుది బీరువాలో పెట్టి మంచి ఫొటో ఒకటి పెద్దగా ప్రింట్ తీయించి గోడకి తగిలించండి. చిన్నతనంగా అనుకోనక్కర్లేదు. బోస్టన్‌లో మసాచుసెట్స్ స్టేట్ హౌస్‌కి వెళ్లిన మనవాళ్లకు ‘హాల్ ఆఫ్ ఫ్లాగ్స్’ గుర్తుండే ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధపు పటాలాల జెండాల కోసం కట్టిన హాలు అది. 1987లో అసలు జెండాలను తీసి భద్రపరిచారు. తర్వాత అక్కడ కనిపించేవి వాటి ఫొటోలే.

ఇంగ్లండులో దీనికి పూర్తిగా ఎదురు ఆచారం ఒకటుంది. పాత కలర్స్‌ను చర్చి గోడకి ఎత్తున తగిలించి, అవి దుమ్మై రాలిపోయేదాకా అలాగే వదిలెయ్యడం. సైనికుడిలాగే జెండా కూడా మట్టిలో కలవాలని వాళ్ల భావన. ఆ మాట నాకు నచ్చుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ నిర్ణయం పటాలానిది, మన ఇంటి చెమ్మగోడది కాదు.

ఎవరిని అడగాలి

పట్టు టిక్కుమంటున్నా, రంగు పెచ్చులు లేస్తున్నా, బూజు పట్టినా సొంత వైద్యం మాని నిపుణుల్ని అడగండి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి సొంత పరిరక్షణ ప్రయోగశాల ఉంది. లక్నోలో పాత వస్తువుల పరిరక్షణకు పనిచేసే కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఎల్‌సీ ఉంది. జెండా తీసుకెళ్లొద్దు, ముందు ఫొటోలు పంపి అడగండి.

ఇంకోటి. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ‘నేను తీసుకెళ్లి ఇక్కడ దాస్తాను నాన్నా’ అంటే ఆగమనండి. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 నాటి చట్టం కింద పురావస్తువు కావచ్చు, సూట్‌కేసులో దేశం దాటించడం నేరం. ముందు పురావస్తు శాఖను కనుక్కోండి.

ఏడాదికొకసారి

సంక్రాంతి వెళ్లాక గాలి పొడిగా ఉన్న రోజు చూసుకుని పెట్టె తెరవండి. పూర్తిగా విప్పక్కర్లేదు. కింద టిష్యూ మీద పొడి రాలిందేమో, పురుగు రెట్ట ఉందేమో, బూజు వాసన వస్తోందేమో చూసి, కిందటేటి ఫొటోతో పోల్చి మూసెయ్యండి.

ఆ పెట్టెకు ఒక ట్యాగు కట్టండి. జెండా ఎవరి ద్వారా వచ్చింది, ఏ బెటాలియన్, ఎప్పుడు, ఇంట్లో దాని గురించి ఏం చెప్పుకుంటారు, ఇవన్నీ దాని మీద రాయండి. తాతగారు ఉంటే ఆయన పక్కన కూర్చుని, ఆయన మాటల్లోనే, ఫోన్‌లో రికార్డు కూడా చెయ్యండి. ట్యాగు మీద మాత్రం పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా వానాకాలం చెమ్మకు పాకి జెండాకి అంటుకుంటుంది.